ఎడమ చుట్టు

ఆదివారం పొద్దున రాయమల్లు వచ్చే సమయానికి ఇంట్లో కనకవ్వ ఒక్కతే ఉంది. తోటికోడలు శంకరవ్వ సకినాలు చుట్టే ధోవతులు ఉతకడానికి మానేరుకు పోయింది. మరిది భూమన్న నూనె కోసం గానుగకు పోయాడు. పెండ్లిపిల్ల అనసూర్య పక్కింట్లో కూర్చుని, మగ్గం కింద రాలిన నూలు ముక్కలు కూరి గుడ్డచిలుకలు కుడుతోంది. వాకిలికి ఇరవయ్యొక్క చిలుక కట్టాలని దాని పంతం. అత్త దేవవ్వ పెరట్లో ఎండకు కునుకు తీస్తోంది. కనకవ్వ నానిన బియ్యాన్ని గంపలో వంపి, నీళ్లు జారిపోయేందుకు చేత్తో మెల్లగా కదుపుతూ ఉంది. గురువారం పెండ్లి. సోమవారం సకినాలు.

రాయమల్లును చూడగానే ఆమె తడిచేత్తోనే కొంగు సర్దుకుంది. చూపు మాత్రం అతని మీద నిలవలేదు, అతని వెనక గల్లీలోకి పోయింది. రాయమల్లూ, తన పెనిమిటి సిద్దిరాములూ షోలాపురంలో ఒకటే మిల్లు, పనికి ఒకటే పాళి, ఉండడానికి ఒకటే అర్ర. ఒకటే మోటర్లో దిగాలి. ఆ మనిషికి గల్లీ మొదట్లో ఎవరో ఒకరు అడ్డం తగిలి ఉంటారు, మాటల్లో పడి ఉంటాడు అనుకుంది.

"వదినె," అన్నాడు రాయమల్లు. "అన్న పోయిండు."

"ఎటు పోయిండు?" అంది కనకవ్వ.

అడిగిన తర్వాత ఆ మాటకున్న రెండో అర్థం ఆమెకు తెలిసింది. రాయమల్లు నేల చూస్తున్నాడు. తొమ్మిది దినాలైందని ఆ నేలకే చెప్పాడు. బియ్యం గంపలోంచి నీళ్లు బొట్లు బొట్లుగా రాతి మీద పడుతూ ఉన్నాయి. కనకవ్వ వాటిని నాలుగో అయిదో లెక్కపెట్టింది.

"ఎవలకన్న చెప్పినవా?"

మొగని చావు విన్న ఆడది అడిగిన మొదటి మాట అది. ఆ గొంతు తనదేనని ఆమెకు అనిపించలేదు. ఎవరో చాలా నిదానస్తురాలు, చాలా తెలివైనది తన లోపల కూర్చుని ఉండి, ఈ గడియ కోసమే కాచుకుని ఉన్నట్టు మాట్లాడింది. రాయమల్లు ఎవరికీ చెప్పలేదన్నాడు. తార్ కొడదామనుకున్నాడట గాని, తార్ వస్తే పోస్టు మనిషి ఇంటికి తెచ్చేలోపు గల్లీ అంతా చదువుతుంది, పెండ్లిల్లు గదా అని తానే బయలుదేరాడట. ఇంకా ఏదో చెప్పబోయాడు. కనకవ్వ తడిచేయి అడ్డం పెట్టింది.

"వద్దు తమ్మీ. ఇప్పుడేం చెప్పకు."

ఆ సంబంధం హుస్నాబాదుది. పోయిన ఏడే కావాల్సిన పెండ్లి. కనకవ్వ తమ్ముడు పాము కరిచి పోతే ఆగింది. పిల్లవాడి తల్లి అప్పుడు ఒక మాటతో సరిపెట్టుకుంది గాని, వచ్చిపోయేవాళ్ల దగ్గర మాత్రం ఈ ఇంటి దిక్కు నుంచి గాలి మంచిగ లేదని అన్నదట. మళ్లీ ఆగితే ఇంక ఆ గడప తొక్కరు. ఏడాది దాకా శుభం లేని ఇంట్లో, రెండుసార్లు చావు అడ్డం పడ్డ పిల్లను ఇంకో గడపవాళ్లయినా ఎందుకు అడుగుతారు? అనసూర్యకు ఆ పిల్లవాడంటే ఇష్టం. ఒక్కసారి చూసింది, అంతే. ఆ ఒక్క చూపునే ఏడాది పొడుగూ వాడుకుంటూ ఉందని తల్లికి తెలుసు.

కనకవ్వ మనసు అప్పుడు ఒక పాత రివాజును పట్టుకుంది. మైల చెవుల్లోంచి వస్తుందని పెద్దలంటారు. చావు జరిగిన నాటి నుంచి కాదు, విన్న నాటి నుంచే. తన తండ్రి పోయిన కబురు ఈ ఊరికి రావడానికి ఆరు దినాలు పట్టింది. ఆ ఆరు దినాలూ తాను దేవుని దగ్గర దీపం పెట్టింది, తలలో పువ్వు పెట్టుకుంది. అది తప్పని ఎవరూ అనలేదు. వినలేదు గనుక తాకలేదు. అట్లయితే ఇప్పుడు ఈ ఇంట్లో విన్న చెవులు రెండే రెండు. భూమన్న వినలేదు, అతను కన్యాదానం చెయ్యవచ్చు. శంకరవ్వ వినలేదు, ఆమె సకినాలు చుట్టవచ్చు. అత్త వినలేదు. బిడ్డ వినలేదు. మైల ఎంత ఉందో అంతా తన ఒక్క వంట్లోనే ఉంది. తాను నోరు మూసుకుంటే అది గడప దాటదు.

రాయమల్లుకు ఏం చెప్పాలో చెప్పింది. సిద్దిరాములుకు సేటు రజా ఇవ్వలేదని భూమన్నతో అనాలి. ఆ తర్వాత జ్వరమని చెప్పి శుక్రవారం దాకా ఇల్లు కదలొద్దు. రాయమల్లు ఇది పాపమన్నాడు. ఉంటే నా మీద ఉండనీ అంది. అతను పోయిన తర్వాత గంప వైపు చూసి గబుక్కున చేతులు వెనక్కి తీసుకుంది. శుభానికి నానిన బియ్యం అది. తాను విన్న తర్వాత ముట్టుకుందా, వినకముందు ముట్టుకుందా? బాగా ఆలోచించింది. వినకముందే. విన్నాక ముట్టలేదు. అంతవరకు బాగానే ఉంది. కాని రేపు?

రేపు ఆడవాళ్లంతా వస్తారు. పరిచిన ధోవతి నడుమ పిండి గౌరమ్మను పెట్టి పసుపు కుంకుమ వేయడం, దాని పక్కన మొదటి సకినం చుట్టడం పెండ్లిపిల్ల తల్లి పని. సకినమంటేనే శకునం. మొదటిది ఎట్లా తిరిగితే కాపురం అట్లా తిరుగుతుందంటారు. ఆ పిండిని ఈ చేతులతో ఎట్లా ముట్టుకుంటుంది? ముట్టుకోకపోతే ఎందుకని అడగరా?

శంకరవ్వ తడిబట్టల మూట నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి కనకవ్వ పంచ చివర గోనెసంచి పరుచుకుని దాని మీద కూర్చుని ఉంది. పక్కన ఒక చెంబు, ఒక సత్తు పళ్లెం. శంకరవ్వ మూట దింపకుండానే అర్థం చేసుకుంది, అయ్యో అక్కా ఇప్పుడేనా అని నొచ్చుకుంది. వేళ్ల మీద లెక్క వేసింది. ఆదివారం, సోమవారం, మంగళవారం. బుధవారం తలకు పోసుకుంటే గురువారం పెండ్లికి అడ్డం లేదు. గండం గడిచింది అంది.

అట్లా కనకవ్వకు ఒక చోటు దొరికింది. ఇంత ఆలోచించి చేసిందా అంటే ఆమెకే తెలియదు. బయట కూర్చున్న ఆడదాన్ని ఎవరూ ముట్టుకోరు, దాని పళ్లెం ఎవరూ ఎత్తరు, దూరం నుంచి అన్నం వేసి పోతారు. అది నేల మీద పడుకుంటుంది, తల దువ్వుకోదు, బొట్టు పెట్టుకోకపోయినా ఎవరూ అడగరు. మొగడు పోయిన దాన్ని కూడా ఇట్లాగే కూర్చోబెడతారు. రెండింటికీ చోటు ఒకటే, సంచి ఒకటే. కనకవ్వ ఆ మూడు దినాలూ అందరి ముందే మొగని మైల పట్టింది.

ఏడుపు మాత్రం రాలేదు. ఆశ్చర్యంగా చూసుకుంది తనను తాను. గడప లోపల సిద్దిరాములు బతికే ఉన్నాడు. లోపలి మాటల్లో అతను వస్తూనే ఉన్నాడు. రజా దొరకలేదని రాయమల్లు చెప్పిపోయినా భూమన్న నమ్మలేదు. అన్న మాట పట్టడు, గురువారం పొద్దుటి మోటర్ల దిగుతడు చూడుండ్రి అంటున్నాడు. అనసూర్య బాపు ధోవతి ఉతికించి పెట్టెలో పెట్టింది. పంచ చివర, ఈ గోనెసంచి వెడల్పు మేర మాత్రమే అతను చచ్చిపోయాడు. కనకవ్వ లోపలి మాటలు వినేటప్పుడు తాను కూడా ఎదురుచూస్తున్నట్టే ఉండేది. మాటలు ఆగగానే సంచి మీదికి వచ్చి పడేది. ఏది అబద్ధమో తెలుసు. కాని తెలియడం ఒకటి, అది వంటికి అందడం ఒకటి.

సోమవారం పది మంది ఆడవాళ్లు వచ్చారు. వాకిలంతా తెల్లటి ధోవతులు పరిచారు. పిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి నీళ్లు పోసి పిసికారు. గౌరమ్మను శంకరవ్వ పెట్టింది. అందరూ ఎడం చేతిలో పిండిముద్ద పెట్టుకుని, కుడిచేతి వేళ్ల నడుమ మెలితిప్పుతూ గుడ్డ మీద చుట్లు చుట్లుగా వదిలారు. గుడ్డ తడిని పీల్చుకుంటుంటే సకినాలు మెల్లగా గట్టిపడుతున్నాయి. కనకవ్వ దూరం నుంచి ఓమ వాసన తీసుకుంటూ కూర్చుంది. ఆ గల్లీలో ఆమె చేతికి పేరుంది. ఎన్ని పెండ్లిళ్లకు చుట్టిందో. తన బిడ్డ పెండ్లికి చూస్తూ కూర్చుంది.

అందరిలోకి నోరున్నది పక్కింటి చంద్రవ్వ. సిద్దిరాములుకు వరసకు చెల్లెలు.

"గీ వయసుల గూడ నీకు ఇదేంది వదినే," అంది పిండి మెలిపెడుతూ. "ఏడాదికోపారి వస్తడు మా అన్న. వచ్చే వారమే చూసి బయట కూసుంటివి. రజా దొరకలే అంటుండు రాయమల్లు. నాకైతే సేటు మీద అనుమానం లేదు. నువ్వే జాబు రాసినట్టుంది రావద్దని."

ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. శంకరవ్వ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కనకవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వు నిజమైనదే. అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే, పద్దెనిమిదేండ్ల కింది పిల్ల ఒకతె లోపల ఇంకా సిగ్గుపడుతూ ఉంది.

సకినాలన్నీ నూనెలో కాలాయి. ఒక్కటి మిగిలింది. అల్లునికి పెట్టే పెద్ద సకినం, పదకొండు చుట్లది. అది అత్తగారి చేతిదే కావాలి. శంకరవ్వ చేస్తానంటే అనసూర్య ఒప్పుకోలేదు. అవ్వ తలకు పోసుకున్నాకే చెయ్యాలె, బుధవారం దాకా పిండి ఆపుండ్రి అంది. పిండి ఆగదే పిచ్చిదానా, పులుస్తదని పెద్దవాళ్లన్నారు. అయితే బుధవారం కొత్తగ దంచుకుందాం అంది. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు. కనకవ్వ పంచ చివర నుంచి వద్దని ఒక్క మాట అనగలిగింది. బిడ్డ తల్లి వైపు చూసింది, కండ్లలో నీళ్లు తిరిగాయి, దాంతో ఆ మాట అక్కడే పడిపోయింది.

బుధవారం పొద్దున కనకవ్వ తలకు పోసుకుంది. శంకరవ్వ నీళ్లు పోస్తుంటే తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు అని దినాలు లెక్కపెట్టింది. తుడుచుకుని ఎర్రంచు చీర కట్టుకుంది. అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుంది. గడప దాటి లోపలికి అడుగు పెట్టింది.

అప్పుడొక వింత జరిగింది. లోపల అంతా అతను బతికి ఉన్న ఇల్లే. గుడ్డచిలుకలు వాకిలికి వేలాడుతున్నాయి, ఎర్రవీ, పచ్చవీ, ఒకదాని ముక్కు వంకర పోయి. తట్టల్లో సకినాలు, గరిజెలు, అరిసెలు. నూనె వాసన, పసుపు వాసన. ఎవరో పిలిచారు, ఎవరో ఏదో ఎక్కడుందని అడిగారు, ఆమె చెప్పింది. గంట తిరక్కుండానే గోనెసంచి సంగతి ఎవరిదో లాగ దూరం పోయింది. ఆమెకు దాదాపు సంతోషంగా ఉంది. దీన్నే మరిచిపోవడం అంటారేమో, లేక మనసు తనకు తాను పెట్టుకునే మత్తు ఇట్లాగే ఉంటుందేమో. ఈ చేతులు ముట్టకూడదన్న మాట కూడా గుర్తుంది, కాని ఆ మాటలో బరువు లేదు. మూడు దినాలు పట్టింది గదా. స్నానమైంది గదా.

చిన్న ధోవతి ముక్క పరిచారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. అత్త దేవవ్వ తాను ముండమోసిన మనిషినని ఎప్పటిలాగ దూరంగా, గోడ వారన కూర్చుంది. డెబ్బయి దాటిన మనిషి, పక్కన చేతికర్ర. కనకవ్వ పిండిముద్ద ఎడం చేతిలోకి తీసుకుంది. పిండి మంచిగ కలిసింది, వేళ్లకు చల్లగా తగిలింది. నడుమ నుంచి మొదలుపెట్టింది.

తన పెండ్లిలో తల్లి చుట్టిన పెద్ద సకినం గుర్తొచ్చింది. ముందర పెడితే సిద్దిరాములు ఎక్కడ విరవాలో తెలియక దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మరదండ్లు నవ్వారు. చివరికి పై చుట్టులో వేలెడు ముక్క విరిచి నోట్లో వేసుకుని, చప్పుడు కాకుండా నమిలాడు. సకినాన్ని చప్పుడు లేకుండా నమిలిన మనిషిని ఆమె ఆ ఒక్కన్నే చూసింది. వేళ్లు వాటంతట అవే మెలితిప్పుతూ పోతున్నాయి. మూడో చుట్టు, నాలుగో చుట్టు. చుట్టూ ఆడవాళ్లు రేపటి వంటల సంగతి మాట్లాడుకుంటున్నారు. ఏడో చుట్టు. ఇంత సాపుగా ఆమెకు ఎప్పుడూ రాలేదు.

గోడ వారన కర్ర చప్పుడైంది. దేవవ్వ లేచింది. నీళ్లు కావాలో ఏమో అనుకున్నారు. నాలుగడుగులు వేసి ధోవతి అంచు దగ్గరికి వచ్చి, తూలినట్టు ముందుకు వంగి, అరచేయి నిండుగా ఆ సకినం మీద ఊనింది. పిండి చితికి వేళ్ల నడుమ నుంచి పైకి వచ్చింది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. అల్లుని సకినం మీద ముండమోసిన చెయ్యి పడిందని ఒకతె గుండె పట్టుకుంది. చంద్రవ్వ ఊరుకోలేదు.

"కండ్లు కానరాకుంటే ఓ మూలకు కూసోరాదు ముసలవ్వా? ఇప్పుడే లేవాల్నా?"

"కానరాలే బిడ్డా," అంది దేవవ్వ. "ఏం జేద్దు. నాకేం కానరాలే."

అనసూర్య ఏడుపు మొదలుపెట్టింది. దేవవ్వ అందరి మాటలూ పడింది. పడి, శంకరవ్వ వైపు తిరిగి, కన్యాదానం చేసేది నువ్వు, తల్లి జాగల ఉన్నది నువ్వు, నువ్వే కూసుని చుట్టు, నా చెయ్యి తాకిన గుడ్డ తియ్యి, వేరేది పరువు అంది. అంత తిట్టు తిన్న మనిషి గొంతులో అంత హుకుం ఎట్లా వచ్చిందో ఎవరూ గమనించలేదు. శంకరవ్వ లేచింది.

కనకవ్వ కదల్లేదు. చితికిన పిండిని ఎత్తేస్తుంటే కింద గుడ్డ మీద చుట్ల తడి మరక మిగిలింది. అత్త చేయి పడని చోట ఆ మరక స్పష్టంగా ఉంది. నడుమ నుంచి బయటికి, చుట్టు తర్వాత చుట్టు, ఎడమకు.

సకినం కుడికి తిరుగుతుంది. పిల్లకు పిండి పట్టుకోవడం రాకముందే ఆ సంగతి వస్తుంది, అది నేర్పే పని కూడా ఉండదు. ఎడమకు తిరిగేవి వేరే ఉన్నాయి. పాడె కట్టే తాడు ఎడమకు పేనుతారు. శవం చుట్టూ ఎడమకు తిరుగుతారు. పదుగురు ఆడవాళ్ల నడుమ, బొట్టు పెట్టుకుని, నవ్వుతూ, కనకవ్వ ఏడు చుట్లు ఎడమకు తిప్పింది. మాటల్లో ఉన్న ఆడవాళ్లు చూడలేదు. చూడడానికి ఇంకా మూడు, నాలుగు చుట్లు పట్టేది.

నోటిని కాపలా కాసింది, కండ్లను కాపలా కాసింది. చేతి సంగతే ఆమెకు తోచలేదు. చేతికి మూడు దినాల సంచీ, తలస్నానం, గడప, ఏవీ లెక్కకు రాలేదు. పన్నెండు దినాల కింద ఏం జరిగిందో చేతికి మాత్రమే తెలిసినట్టుంది.

"జర చెయ్యి కడిగియ్యి రా," అంది దేవవ్వ.

పెరట్లో, నీళ్ల గోలెం దగ్గర కనకవ్వ చెంబుతో నీళ్లు వంచింది. ముసలామె పిండి వదిలేటట్టు ఒక్కొక్క వేలూ రుద్దుకుంది. చాలాసేపు రుద్దుకుంది. తర్వాత తడిచేత్తోనే కోడలి ముంజేయి పట్టుకుంది. ఆ పట్టులో ముసలితనం లేదు.

"నా కొడుకు," అంది. ఆగిపోయింది.

కనకవ్వ నోరు తెరిచింది. దేవవ్వ రెండో చెయ్యెత్తి కోడలి నోటి మీద పెట్టింది.

"నా చెవుల వెయ్యకు బిడ్డా. పిల్ల మోటరెక్కేదాక నా చెవుల వెయ్యకు."

ఆ సాయంత్రం నుంచి దేవవ్వ కొడుకును తిట్టడం మొదలుపెట్టింది. వచ్చిన ప్రతి చుట్టం ముందూ తిట్టింది. ఒక్కగానొక్క బిడ్డ పెండ్లికి రాని తండ్రి తండ్రేనా అంది. సేటు రజా ఇయ్యకుంటే కొలువు మీద ఉమ్మి రావాలె గాని, చిన్నప్పటి సంది వాడు పిరికోడే అంది. ఎట్ల పిరికోడో చెప్పింది. మానేరుల దిగాలంటే నా చెంగు పట్టుకునేటోడు, ఉరిమితే నా కడుపుల తల పెట్టి పండేటోడు, ఏడేండ్ల దాక నా చెయ్యి లేంది నిద్రపోలే. చుట్టాలు నవ్వారు. పోనీయవ్వా, పరదేశం బతుకు, వాని చేతుల ఏముంది అని సముదాయించారు. ముసలామె సముదాయింపు పడలేదు. వాడు రానీ చెప్పుత అంది. కనకవ్వ వంటింట్లో నిలబడి విన్నది. కొడుకు పోయిన తల్లి అట్లాగే ఏడుస్తుంది, వాడు ఇట్లుండె, వాడు అట్లుండె అని ఒక్కొక్కటీ ఎత్తుకుంటూ. దేవవ్వ ఏడుపునంతా తిట్లలో పెట్టి అందరి ముందే ఏడుస్తోంది. వినే వాళ్లకు అది తెలియదు. అంతే తేడా.

పెండ్లి జరిగింది. భూమన్న, శంకరవ్వ పెండ్లికొడుకు కాళ్లు కడిగారు. పొద్దుటి మోటరు వచ్చిన చప్పుడుకు పెండ్లిపీటల మీది అనసూర్య తల తిప్పి గల్లీలోకి చూసింది, బాసికం పక్కకు జరిగింది, పెండ్లికొడుకు అక్క సర్ది కట్టింది. పన్నెండు గంటల మోటరుకు మళ్లీ చూసింది. కనకవ్వ దేన్నీ ముట్టకుండా ఆ దినాన్ని దాటించింది. తలంబ్రాల పళ్లెం చేతికిస్తే కన్యాదానం చేసినోళ్లదే హక్కు అని శంకరవ్వ చేతిలో పెట్టింది. ఎంత పెద్దమనసు అని చుట్టాలు మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆమెకు నిప్పురవ్వలాగ తగిలింది. పెద్ద సకినాన్ని అల్లుడు నడుమకు విరిచాడు. మంచి శకునమన్నారు.

శుక్రవారం పొద్దున పిల్లను మోటరెక్కించారు. సకినాల గంపలు పైన కట్టారు. అనసూర్య కిటికీలోంచి తల్లి చేయి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"బాపు వస్తే ఓ పూట నా దిక్కు తోలియ్యవ్వా," అంది. "కోపం జేసుకున్న అని చెప్పకు. ఊకె తోలియ్యి."

కనకవ్వ తలూపింది. మోటరు కదిలి, దుమ్ము లేచి, దుమ్ము అణిగింది. భూమన్న, శంకరవ్వ పిల్ల వెంట పోయారు. చుట్టాలు ఎటు వాళ్లటు విడిపోయారు. అత్తా కోడలూ ఇంటికి వచ్చి, ఎంగిలి విస్తళ్లు ఇంకా ఎత్తని వాకిట్లో ఎదురెదురుగా కూర్చున్నారు. ఎండ వాకిట్లో సగం దాకా వచ్చింది.

"ఏం రోగమొచ్చింది వానికి?" అంది దేవవ్వ.

కనకవ్వ ముసలామె ముఖంలోకి చూసింది.

"తెల్వదత్తా."

"నోట్లె నీళ్లు ఎవలు పోసిన్రు?"

"తెల్వదు."

"కొరివి?"

"తెల్వదు. నేనడుగలే."

"ఏమడిగినవ్ మరి?"

"ఎవలకన్న చెప్పినవా అని అడిగిన."

అన్నాక కనకవ్వకు ఆ మాట ఎంతటిదో తెలిసింది. పెద్ద సకినం ఎడమకు తిప్పింది పాపమనుకుంది, మైలలో బొట్టు పెట్టుకుంది పాపమనుకుంది. అవి పాపాలు కావు. ఒక మనిషి చచ్చిపోయాడని విని, ఎట్ల అని అడగకపోవడం ఒకటుంది. బిడ్డ కోసమే. బిడ్డ కోసమే అని ఎన్నిసార్లు అనుకున్నా, ఆ మనిషి అక్కడ, ఆ అర్రలో, ఎవరూ అడగకుండా అయిదు దినాలు పడి ఉన్నాడు. ఇప్పుడు ఏడుపు వచ్చింది. దేవవ్వ ఆపలేదు, దగ్గరికి తీసుకోలేదు కూడా. తన కండ్లు పొడిగానే ఉన్నాయి. కోడలు ఏడ్చినంతసేపూ వాకిట్లో ఎండ వైపు చూస్తూ కూర్చుని, కర్ర తీసుకుని లేచింది.

"నడువు. రాయమల్లు ఇంటికి పోదాం. గల్లీల ఏడువకు. ఇంకా ఎవలు వినలే."

నడిచారు. రాయమల్లు ఇల్లు మానేరు దిక్కున, చివరి గల్లీలో. దారి పొడుగునా మగ్గాల చప్పుడు. గడపల్లోంచి ఆడవాళ్లు పలకరించారు. పిల్ల ఏడ్చిందా, మోటర్ల జాగ దొరికిందా అని అడిగారు. సకినాలు మంచిగ గుల్లగొచ్చినయి అన్నారు. దేవవ్వ ఒక్కొక్కరి దగ్గరా నిలబడి జవాబు చెప్పింది. ఇంత మంది నడుమ నుంచి కనకవ్వ నిండు ముత్తైదువగా నడిచింది. ఇదే ఆఖరు నడక అని తెలిసి నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు ఈ గడపల్లోంచి ఎవరూ ఇట్లా పిలవరు.

రాయమల్లు వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. ఇద్దరినీ చూసి లేచి నిలబడ్డాడు. దేవవ్వ అతన్ని కూర్చోమంది. తానూ కూర్చుంది. ఏం రోగం, ఎన్ని దినాలు, దవాఖానకు ఎవరు తీసుకుపోయారు, ఏ దిక్కుకు తల పెట్టారు, ఒక్కొక్కటే అడిగింది. నూలు చిక్కు తీసినట్టు అడిగింది. రాయమల్లు అయిదు దినాల నుంచి నోట్లో పెట్టుకుని ఉన్నదంతా చెప్పాడు. మూడు దినాల జ్వరం. నాలుగో దినం మనుషులను గుర్తుపట్టలేదు. కొరివి తానే పెట్టాడు. చెబుతూ చెబుతూ చావు దాటి వెనక్కి పోయాడు. అర్రలో ఆరుగురం ఉండేటోళ్లం అన్నాడు. వంట అన్ననే చేసేటోడు, ఇంకోళ్లను పొయ్యి కాడికి రానియ్యకపోవు అన్నాడు.

కనకవ్వ తలెత్తింది. ఇంట్లో ఉన్నప్పుడు ఆ మనిషి పొయ్యిలో కట్టె కూడా జరిపి ఎరుగడు. పద్దెనిమిదేండ్ల కాపురంలో ఏడాదికి ఒక నెల చొప్పున లెక్కేస్తే ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరే తనకు తెలిసిన సిద్దిరాములు. మిగతా మనిషి అంతా ఈ రాయమల్లు దగ్గర ఉన్నాడు.

"ఏం వండేటోడు?" అని అడిగింది.

"జొన్నరొట్టె, పుండికూర. పండుగ దినం తీపిరొట్టె. ఓపారి సకినాలు చేస్తనని కూసున్నడు వదినె. మీ వదినె చేతిల ఊకెనే తిరుగుతయి, నాకెందుకు రావు అన్నడు. పిండి వేళ్లకంటుకపోవుడేగాని ఒక్క చుట్టు తిరుగలే. ఆఖరుకు గోలీల లెక్క చేసి కాల్చిండు."

"తిన్నరా?" అంది కనకవ్వ.

"తిన్నం," అన్నాడు రాయమల్లు. "మస్తు గట్టిగున్నయి. అందరం తిన్నం."

దేవవ్వ అప్పుడు చేయి చాచి, కోడలి గాజుల చేతిని తన ఒడిలోకి తీసుకుంది. ఇంకా చెప్పమన్నట్టు రాయమల్లు వైపు చూసింది. అతను ఆ అర్ర గురించి ఇంకా చెబుతూ పోయాడు.